ఊరి వడ్ల సెంటర్ మహిళా సంఘం చేతుల్లోనే నడవాలంటే: కాంటా నుంచి ట్రక్ షీట్ దాకా

కోతలు దగ్గరపడ్డాయంటే తెలంగాణలో ఏ గ్రామ సమాఖ్య మీటింగ్‌లో చూసినా ఇదే చర్చ, ఈసారి మనకి ప్రభుత్వం తరఫున వడ్లు కొనే సెంటర్ ఇస్తారా, ఇస్తే ఎవరు కూర్చుంటారు, పోయిన సీజన్ కమీషన్ పడిందా లేదా అని. సెంటర్ తెచ్చుకునే దాకా అందరూ మాట్లాడతారు గానీ తెచ్చుకున్నాక ఆ కల్లంలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఏ పని ఎట్లా చేయాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఒక ట్రైనింగ్ పెట్టి ట్యాబ్ చేతికిచ్చి పంపిస్తారు. అందుకే ఇది రాస్తున్నా, ముఖ్యంగా మొదటిసారి ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) సెంటర్, అంటే మహిళా సంఘం నడిపే వడ్ల సెంటర్, తీసుకుంటున్న అక్కల కోసం.

మన గింజల మార్కెట్లలో ఆడవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వరంగల్ ఏనుమాముల పోండి, సూర్యాపేట పోండి, యార్డులో చాట పట్టి తాలు చెరిగేది, కింద పడ్డ గింజ ఊడ్చి ఎత్తేది ఆడవాళ్ళే. కాంటా పెట్టేది మాత్రం దడ్వాయి, రేటు చెప్పేది ఖరీదుదారు, చిట్టీ రాసేది అడ్తిదారు, అక్కడ ఆడమనిషి కనపడడం చాలా అరుదు. ఐకేపీ సెంటర్లు వచ్చాక కాంటా, తేమ మిషన్, రిజిస్టర్ సంఘం పేరు మీదకి వచ్చాయి. పేరు మీదకి వచ్చాయి సరే, చేతిలోకి వచ్చాయా అంటే చాలా ఊళ్ళల్లో రాలేదు, బోర్డు మీద సంఘం పేరుంటది, కాంటా దగ్గర హమాలీల మేస్త్రీ ఉంటాడు, ట్యాబ్ ఎవరో అక్క వాళ్ళ ఆయన దగ్గర ఉంటది, మిల్లు వాళ్ళతో మాట్లాడేది ఊరి లీడర్. ఈ మూడూ, అంటే తేమ మిషన్, కాంటా, ట్రక్ షీట్ (మిల్లుకి పోయే లారీ వెంట పంపే, బస్తాలు, బరువు రాసిన కాగితం), మీ చేతుల్లో లేకపోతే సెంటర్ మీది కాదు, తప్పు జరిగితే సంతకం మాత్రం మీదే. కింద రాసేదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతది.

సీజన్‌కి ముందే తేల్చుకోవాల్సినవి

వీఓ (గ్రామ సమాఖ్య) మీటింగ్‌లో తీర్మానం రాసేటప్పుడే ఎవరు ఏ పని అని పేర్లతో రాయండి. తేమ చూసేది ఒకరు, కాంటా దగ్గర ఒకరు, రిజిస్టర్, ట్యాబ్ ఒకరు, సంచుల లెక్క ఒకరు, లారీలు, మిల్లు ఫోన్లు ఒకరు. ఐదుగురుంటే చాలు, కానీ ప్రతి పనికి ఇంకో అక్క కూడా నేర్చుకుని ఉండాలి, ఎందుకంటే సీజన్ మధ్యలో ఇంట్లో పెళ్లి ఉంటది, పిల్లలకి జ్వరం వస్తది, సరిగ్గా ఆ రోజే లారీలు వస్తాయి. చదువు రాదు కాబట్టి కాంటా దగ్గర కూర్చోలేను అనే అక్కలు ఉంటారు, అంకెలు గుర్తుపడితే చాలు, నేను చూసినంతలో కాంటా దగ్గర అందరికంటే గట్టిగా నిలబడేది వాళ్ళే.

ఇంట్లో మగవాళ్ళ సాయం తీసుకోవద్దని నేను అనను, బస్తాలు లాగాలన్నా రాత్రి కాపలా ఉండాలన్నా వాళ్ళు కావాలి. కానీ పైన చెప్పిన మూడు పనులూ వాళ్ళకి అప్పజెప్పొద్దు, ఇది తీర్మానంలోనే ఒక లైన్‌గా రాసుకుంటే తర్వాత ఎవరితోనూ మొహమాటపడే పని ఉండదు, తీర్మానంలో ఉంది వదినా అంటే సరిపోతది.

జాగా విషయంలో తొందరపడకండి. కొంచెం ఎత్తుగా, నీళ్ళు ఒక పక్కకి జారిపోయేట్టు, లారీ తిరిగేంత దారి ఉండేట్టు చూడండి. కరెంటు, తాగే నీళ్ళు, నీడ అడగండి, టాయిలెట్ కూడా అడగండి, ఇది అడగడానికి సిగ్గుపడి రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చునే అక్కలని చూశాను, మే నెల ఎండలో అది ప్రమాదం. దగ్గర్లో స్కూలో పంచాయతీ ఆఫీసో ఉంటే తాళం చెవి ముందే మాట్లాడి పెట్టుకోండి.

సామాన్లలో టార్పాలిన్లు, తేమ మిషన్లు, ఎలక్ట్రానిక్ కాంటాలు, వడ్లు తూర్పార పట్టే క్లీనర్, గన్నీ సంచులు ముఖ్యం. కాంటా మీద తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర ఈ సంవత్సరానిదే ఉందా చూడండి, పాతదైతే తీసుకోకండి. ముద్ర ఉన్న 20 కిలోల ఇనుప రాయి ఒకటి సంపాదించి సెంటర్‌లోనే పెట్టుకోండి. సంచుల అంచనా సులువు, బస్తాకి 40 కిలోలు కాబట్టి క్వింటాల్‌కి రెండున్నర సంచులు, ఊళ్ళో 20,000 క్వింటాళ్ళు వస్తాయనుకుంటే 50,000 సంచులు కావాలి. అన్నీ ఒకేసారి ఇవ్వరు, ఇచ్చినప్పుడు కట్టలు విప్పి లెక్కపెట్టుకున్నాకే సంతకం పెట్టండి, చిరిగినవి పక్కకి తీసి ఆ సంఖ్య కూడా అదే కాగితం మీద రాయించండి. హమాలీ రేటు క్వింటాల్‌కి ఎంత, ఎవరు ఇస్తారు అనేది కూడా మొదటి లారీ రాకముందే రైతులందరి ముందర మాట్లాడి గోడ మీద రాయండి.

సీరియల్ నంబరు

కుప్ప కల్లంలోకి వచ్చిన రోజే రైతు పేరు, తేదీ, ఎకరాలు, అంచనా బస్తాలు రాసి నంబరు ఇవ్వండి. ఇక్కడే గొడవలు మొదలవుతాయి, ముందు వచ్చినా వడ్లు ఆరని వాళ్ళుంటారు, వెనక వచ్చినా ఆరినవి తెచ్చిన వాళ్ళుంటారు. నా అభిప్రాయం ఏంటంటే రెండు వరుసలు పెట్టుకోవాలి, వచ్చిన వరుస ఒకటి, తేమ పాసైన వరుస ఒకటి. తేమ పాసైన వాళ్ళలో ఎవరు ముందు వచ్చారో వాళ్ళకి ముందు కాంటా. పెద్ద రైతు రెండు ట్రాక్టర్లతో వచ్చి మాది ముందు ఎత్తండి అంటే నంబరు చూపించండి. ఒంటరి ఆడవాళ్ళు, ముసలోళ్ళు, ఎకరం లోపు వాళ్ళు నోరు తెరిచి అడగరు, వాళ్ళ కుప్పలు మూలన అట్లాగే ఉండిపోతాయి, రోజూ సాయంత్రం రిజిస్టర్ తిరగేస్తే ఎవరు ఎన్ని రోజులనుంచి ఉన్నారో కనపడతది.

కౌలు రైతులున్నారా అని మొదటి రోజుల్లోనే అడగండి. పట్టాదారు పాస్‌బుక్కు ఒకరిది, పంట ఇంకొకరిది అయితే డబ్బులు ఎవరి ఖాతాలో పడాలనేది కాంటా రోజు తేలదు, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదులో ఎవరి పేరుందో ముందే చూసుకోవాలి.

తేమ

ధాన్యం తీసుకోవాలంటే తేమ 17 శాతానికి మించొద్దు. హార్వెస్టర్‌తో కోసి నేరుగా తెచ్చిన వడ్లు 20 పైన ఉండడం మామూలే, 25 కూడా ఉంటాయి. సెంటర్లలో సగం తగాదాలు ఈ ఒక్క అంకె మీదే, అందుకే మిషన్‌ని ముందు మీరు నమ్మగలిగేట్టు చేసుకోండి. బ్యాటరీ కొత్తది వేయండి. మిషన్‌లో ఒక్కో పంటకి ఒక్కో సెట్టింగ్ ఉంటది, అది వడ్ల మీద ఉందా, బియ్యం మీదో మక్కల మీదో ఉందా చూడండి, సెట్టింగ్ మారితే అంకె అంతా తప్పే. సీజన్ మొదట్లో ఒకే కుప్పలోంచి వడ్లు తీసి గాలి పోకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి మీ మిషన్‌లో, ఏఈఓ మిషన్‌లో, మీకు కేటాయించిన మిల్లు మిషన్‌లో చూడండి. మూడింటికీ ఎంత తేడా ఉందో కాగితం మీద రాసి అందరి సంతకాలు తీసుకోండి. తర్వాత మిల్లులో మీ వడ్లు పచ్చిగా ఉన్నాయి అన్నప్పుడు ఈ కాగితం చాలా పనికొస్తది.

కుప్పలో పైన గింజ ఆరి ఉంటది, లోపల పచ్చి ఉంటది. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి, నాలుగు పక్కల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి కలిపి, అందులోంచి మూడుసార్లు చూసి సగటు రాయండి. తాలు, మట్టి ఏరేసి చూడండి. ఎండలోంచి అప్పుడే తీసిన వేడి గింజని వెంటనే మిషన్‌లో పోయొద్దు, నీడలో కాసేపు పెట్టి చూడండి. అంకె రైతుకి చూపించి, చిన్న చీటీ మీద తేదీ, టైము రాసి ఇవ్వండి. చీటీ ఇస్తే రైతు మళ్ళీ రేపొచ్చి నిన్న మీరు పదిహేడే అన్నారు కదా అనడానికి ఉండదు, మీరూ మాట మార్చడానికి ఉండదు.

రైతులకి ఇంకో విషయం చెప్పాలి, ఎక్కువ మందికి ఇది తెలియదు. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లు 17కి దిగితే సుమారు 94 కిలోలు అవుతాయి, ఆ ఆరు కిలోలు ఎవరూ తీసుకున్నది కాదు, నీళ్ళు పోయాయి. ఈ లెక్క ముందే చెప్తే కాంటాలో తగ్గింది అని మీ మీద అనుమానం రాదు. అదే సమయంలో అవసరానికి మించి ఆరబెట్టొద్దని కూడా చెప్పండి. 17 వచ్చాక కూడా భయపడి ఇంకో రెండు రోజులు ఎండబెట్టి 14కి తెచ్చారనుకోండి, క్వింటాల్‌కి ఇంకో మూడున్నర కిలోలు పోతాయి. 2025-26 వానాకాలం మద్దతు ధర గ్రేడ్ ఏ రకానికి 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369, ఆ లెక్కన 100 క్వింటాళ్ళ రైతు 8,000 రూపాయలకు పైనే ఎండకి ఇచ్చేసినట్టు. మిల్లు వాళ్ళు ఇంకా ఆరబెట్టండి ఇంకా ఆరబెట్టండి అంటుంటే ఆ నష్టం ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి. పదిహేడు వచ్చిందా, చీటీ రాయండి, కాంటా పెట్టండి, అంతే.

ఆరబెట్టేటప్పుడు రెండు మూడు అంగుళాల మందంలో పరిచి గంటకోసారి తిరగేయాలి, సాయంత్రం మంచు పడకముందే కప్పాలి. రోడ్ల మీద పోయనివ్వకండి, రాత్రి బండ్ల మీద వచ్చేవాళ్ళు ఆ కుప్పలకి, చుట్టూ పెట్టిన రాళ్ళకి తగిలి పడి ప్రాణాలు పోయిన ఘటనలు ప్రతి సీజన్‌లో వింటున్నాం.

తాలు, మట్టి

ఇది త్వరగా చెప్పేస్తా. మట్టి, రాళ్ళ లాంటివి 1 శాతం, గడ్డి, తాలు లాంటివి 1 శాతం, దెబ్బతిన్నవి, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు తిన్నవి కలిపి 5 శాతం, పచ్చి గింజ, ముడుచుకున్నవి 3 శాతం, వేరే రకం కలిసినవి 6 శాతం, వీటికి మించొద్దు. ఇది ఒక చార్ట్ మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టండి. క్లీనర్ పట్టించడానికి రైతుకి ఓపిక ఉండదు, కానీ తాలు ఉందనే మాటతోనే మిల్లు దగ్గర కోత పెడతారు, ఇక్కడ ఒక గంట క్లీనర్ పడితే అక్కడ మాట్లాడడానికి ఏమీ మిగలదు. ఇందులో మన అక్కల చేతికి ఎవరూ సాటి రారు, గుప్పెడు గింజ అరచేతిలో వేసి ఊదితే తాలు ఎంతుందో చెప్పేస్తారు.

కాంటా

కాంటా చదునైన చోట పెట్టండి, కింద రాయి కదిలితే అంకె మారతది. గాలికి కూడా అంకె ఊగుతది, ఒక పక్క పరదా కట్టుకోండి. పొద్దున మొదలుపెట్టే ముందు ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి ఆ 20 కిలోల రాయి పెట్టి చూడండి, రైతుల ముందరే.

ఇప్పుడు అసలు విషయం, తరుగు, అంటే బస్తాకి ఇంత అని రైతు దగ్గర అదనంగా తీసుకునే వడ్లు. బస్తాలో వడ్లు 40 కిలోలు. కొత్త గన్నీ సంచి బరువు దాదాపు 580 గ్రాములు, అంటే కాంటా మీద 40 కిలోల 600 గ్రాములు దాటాల్సిన పని లేదు. పాత సంచులు వాడుతుంటే ఖాళీవి పది తూచి సగటు తీసి ఆ బరువు కలపండి. మరి 41, 42 పెట్టమని ఎందుకంటారు? మిల్లులో తీసేస్తారు కాబట్టి ఇక్కడే ఎక్కువ పెట్టేయండి అంటారు, వినడానికి చిన్న మాట లాగే ఉంటది, లెక్క చూడండి. బస్తాకి కిలో ఎక్కువ పెడితే 100 క్వింటాళ్ళకి 250 బస్తాలు కాబట్టి 250 కిలోలు, రెండున్నర క్వింటాళ్ళు, దాదాపు 6,000 రూపాయలు ఒక్క రైతు జేబులోంచి. 20,000 క్వింటాళ్ళు కొన్న సెంటర్‌లో అది 500 క్వింటాళ్ళు, దాదాపు పన్నెండు లక్షల రూపాయలు. సీజనంతా కష్టపడితే సంఘానికి వచ్చే కమీషన్ దానిలో సగం దాకా ఉంటది, ఆ లెక్క కింద చెప్తా. అంటే మీ సెంటర్ ద్వారా మీ ఊరి నుంచి బయటికి పోయే సొమ్ము, మీకు వచ్చే సొమ్ముకి దాదాపు రెట్టింపు అన్నమాట. మన ఇంటి వడ్లు కూడా అదే కాంటా మీద ఉన్నాయి కదా, అందుకే ఈ విషయంలో మెత్తగా ఉండొద్దు అంటాను.

కాంటా దగ్గర కూర్చున్న అక్క అంకె కనపడేట్టు ఎదురుగా కూర్చోవాలి, అంకె నిలబడే దాకా బస్తా లాగనివ్వకూడదు, హమాలీలకి బస్తాల లెక్కన కూలి కాబట్టి వాళ్ళకి తొందర ఉంటది, వాళ్ళ తప్పు కాదు, మీరే ఆగు అన్నా అని చెప్పాలి. అంకెని గట్టిగా పలకండి. రైతు పక్కన ఇంట్లో వాళ్ళని ఒకరిని నిలబెట్టి సొంతంగా గీతలు పెట్టుకోమనండి, పది బస్తాలకి ఒకసారి రెండు లెక్కలూ సరిచూసుకుంటే చివర్లో ఒక బస్తా తక్కువొచ్చింది అనే గొడవ ఉండదు. కింద కారిన గింజ ఊడ్చి అదే రైతు బస్తాలో వేయించండి, సాయంత్రానికి కాంటా కింద పోగైన గింజ ఎవరిది అనే ప్రశ్న రానివ్వకండి.

సన్నాలు, దొడ్డు వడ్లు

2024-25 వానాకాలం నుంచి తెలంగాణలో సన్న వడ్లకి క్వింటాల్‌కి 500 రూపాయల బోనస్ ఉంది కాబట్టి గింజ సన్నమా దొడ్డా అనేది ఇప్పుడు డబ్బుల విషయం. గింజ పొడవు, వెడల్పు కొలిచే చిన్న పరికరం సెంటర్లకి ఇచ్చారు, ఏఈఓ ఉన్నప్పుడే కొలిపించి అతనితోనే సంతకం పెట్టించండి, ఈ నిర్ణయం మీ మీద వేసుకోకండి, మీ పక్కింటి వాళ్ళకి కాదని చెప్పే బరువు మీకెందుకు. కుప్పలు దూరం దూరంగా పోయించండి, సంచుల మీద గుర్తు వేరుగా వేయించండి, ఒకే లారీలో రెండూ కలపొద్దు.

లారీ, మిల్లు, ట్రక్ షీట్

లారీ ఎక్కించే ముందు ప్రతి రైతు వడ్ల నుంచి రెండు చిన్న శాంపిల్ కవర్లు తీసి రైతు, సంఘం, డ్రైవర్ సంతకాలతో కట్టేయండి. ఒకటి లారీతో పంపండి, ఒకటి సెంటర్‌లో ఉంచండి. కొంచెం శ్రమే, కానీ మిల్లు దగ్గర ఈ వడ్లలో తాలుంది, పచ్చి ఉంది అన్నప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా. దారిలో వే బ్రిడ్జి ఉంటే ఒకసారి తూకం వేయించి చీటీ తెప్పించుకోండి.

తర్వాత ఫోన్ వస్తది. ఎట్లా వస్తదో రాస్తున్నా.

"అక్కా, మీ లారీ బాలేదు, బస్తాకి రెండు కిలోలు తీస్తేనే దించుకుంటాం, లేకపోతే వాపస్ పట్టుకుపోండి."

దీనికి ఊ అనొద్దు, మీరు ఊ అంటే అదే ఒప్పందం. కోప్పడాల్సిన పని కూడా లేదు. ఇట్లా చెప్పండి: "అన్నా, తేమ చీటీ నా దగ్గరుంది, శాంపిల్ లారీలో ఉంది, మీ మిషన్‌లో పెట్టి ఫోటో పంపండి. బాలేదంటే ఏం బాలేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, నేను మా ఏపీఎం గారికి, సివిల్ సప్లయిస్ వాళ్ళకి పంపిస్తా." రాసి ఇవ్వమంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోతది. ఆగకపోతే నిజంగానే ఫోన్ చేయండి, ఏపీఎంకి (మండలంలో సంఘాల పనులు చూసే అధికారి), తహసీల్దార్‌కి, జిల్లా సివిల్ సప్లయిస్ ఆఫీసుకి, లారీ నంబరు, టైము, ఎవరు మాట్లాడారు అన్నీ వాట్సాప్‌లో పెట్టండి, నోటి మాట మిగలదు. రైతుని మాత్రం మిల్లు దగ్గరికి పంపకండి, మీ వడ్లే కదా మీరే పోయి మాట్లాడుకోండి అని చాలా సెంటర్లు చేతులు దులుపుకుంటాయి, అక్కడ రైతు ఒంటరి అయిపోయి ఎంతకైనా తల ఊపేస్తాడు. కాంటా అయ్యి బస్తా కుట్టాక ఆ వడ్ల బాధ్యత సెంటర్‌ది, రైతుకి మిల్లుతో పని లేదు.

నిజంగానే మీ వడ్లలో లోపం ఉంటే అది వేరే. అప్పుడు ఎవరి చీటీ, ఎవరి కాంటా చూసి మీలో మీరు సరిచేసుకోండి, కానీ అందరి రైతుల మీద సమానంగా కోత వేయొద్దు, బాగా ఆరబెట్టిన వాళ్ళకి అది అన్యాయం.

ట్రక్ షీట్ ఖాళీగా సంతకం పెట్టి పంపకండి. బస్తాలు, బరువు, రకం, లారీ నంబరు నింపి, ఫోటో తీసి, అప్పుడు సంతకం. మిల్లులో దించుకుని వాళ్ళు ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటేనే రైతు డబ్బులు కదులుతాయి, షీట్ రెండు రోజులు అక్కడ ఆగితే రైతు డబ్బులు కూడా అన్ని రోజులు ఆగినట్టే, పైగా తిట్లు మీకు. పోయిన షీట్లు, తిరిగొచ్చిన షీట్లు అని రెండు గడులు గీసి రోజూ చూసుకోండి.

ట్యాబ్ ఎంట్రీ

ఓపీఎంఎస్‌లో (కొన్న వడ్లు నమోదు చేసే ఆన్‌లైన్ సిస్టమ్) ఎంట్రీ అదే రోజు రాత్రికి అయిపోవాలి, రేపు చేద్దాం అంటే ఆ రేపు మూడు రోజులవుతది. పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంక్ ఖాతా మూడింట్లో పేరు ఒకేలా ఉందా చూసి, ఖాతా నంబరు రైతుతో పైకి చదివించండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు పనిచేస్తుందా అని కుప్ప వచ్చిన రోజే అడగాలి, కాంటా రోజు కాదు. కొందరికి వాడక మూతపడిన ఖాతాలుంటాయి, జన్‌ధన్‌లో తీసిన చిన్న ఖాతాలకి డబ్బు పరిమితి ఉంటది, పెద్ద మొత్తం పడదు, వాళ్ళని ముందే బ్యాంకుకి పంపండి.

భూమి ఆడమనిషి పేరు మీద ఉంటే ఖాతా కూడా ఆమెదే పెట్టండి. మా ఆయన ఖాతా రాయక్కా అని ఆమే అనొచ్చు, ఆమె చేత అనిపించి ఉండొచ్చు కూడా. పాస్‌బుక్కు పేరుకి, ఖాతా పేరుకి తేడా ఉంటే డబ్బులు ఆగిపోతాయని చెప్పండి, అది అబద్ధం కాదు, నిజంగానే ఆగుతాయి. ట్యాబ్ పాస్‌వర్డ్ మాత్రం సంఘం దాటి బయటికి పోకూడదు, మీ ఊళ్ళో పండని వడ్లు మీ సెంటర్ పేరు మీద ఎక్కితే ఎంక్వైరీలో నిలబడేది మీరే.

వాన

యాసంగి సెంటర్ నడిపేవాళ్ళకి ఏప్రిల్, మే నెలల్లో మబ్బు పడితే గుండె ఆగినంత పని అవుతది, 2023లో వడగళ్ళు, వానలకి తెలంగాణలో ఎన్ని కల్లాలు తడిసిపోయాయో అందరికీ గుర్తే. టార్పాలిన్లు గదిలో కట్టగట్టి కాదు, కుప్పల పక్కనే ఉంచండి. కల్లం చుట్టూ కాలువ ముందే తీయించండి, కుట్టిన బస్తాల కింద కర్రలో రాళ్ళో పెట్టి లేపండి, తడి ముందు కిందనుంచే పడతది. వాన ఆగిన వెంటనే కప్పు తీసేయాలి, తడిసిన కుప్పని అట్లాగే కప్పి ఉంచితే లోపల వేడెక్కి మొలకలొస్తాయి. ఎండ రాకుండా మబ్బు అట్లాగే ఉంటే వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి ఒకటుంది, క్వింటాల్ వడ్లకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి కుప్ప పోస్తే గింజ మొలకెత్తకుండా కొంత ఆగుతది, ఎండ వచ్చాక తూర్పార పట్టుకోవచ్చు. కుట్టిన బస్తాలు కల్లంలో ఎక్కువ రోజులు ఆగితే ముందు లారీల కోసం గొడవపడండి, కొత్త కాంటాలు తర్వాత.

కమీషన్, చివరి లెక్క

గ్రేడ్ ఏ వడ్లకి క్వింటాల్‌కి 32 రూపాయలు, సాధారణ రకానికి 31 రూపాయల 25 పైసలు అని సంఘాలకి కమీషన్ ఇస్తూ వస్తున్నారు. 20,000 క్వింటాళ్ళకి 6 లక్షల 40 వేలు. బాగానే ఉంది, కానీ ఇది ఆలస్యంగా వస్తది, సీజన్ అయిపోయి చాలా రోజులకి. కల్లంలో ఖర్చులు మాత్రం రోజూ ఉంటాయి, నీళ్ళ ట్యాంకర్, కరెంటు, కాపలా, క్లీనర్‌కి డీజిల్. సమాఖ్య డబ్బుల నుంచి ఎంత వాడాలో ముందే తీర్మానం చేసుకుని ప్రతి ఖర్చుకి బిల్లు పెట్టండి. సెంటర్‌లో కూర్చునే అక్కలకి రోజు కూలి ఇంత అని మొదటి రోజే రాసుకోండి, ఇది సేవ కదా అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, అదే పనికి మార్కెట్ యార్డులో దడ్వాయికి కూలి ఉంది. కూలీలు, ఖర్చులు పోగా మిగిలింది సమాఖ్య ఖాతాలో ఉండాలి, ఎంత మిగిలిందో సంఘాల మీటింగ్‌లో చదవాలి.

ఈ పని ఆడవాళ్ళ వల్ల ఏమవుతదిలే అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. సంగారెడ్డి జిల్లా పస్తాపూర్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువ మంది చిన్న కమతాల దళిత రైతులు, జొన్నలు, చిరుధాన్యాలు తామే సేకరించి, గింజ బ్యాంకుల్లో నిల్వ చేసి, పేద ఇళ్ళకి తామే పంచిన వాళ్ళు, 2019లో వాళ్ళకి ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. వాళ్ళు ఎవరి మద్దతు ధర కోసమూ ఆగలేదు. మీ సెంటర్‌కి కూడా సీజన్ అయ్యాక కాంటా, తేమ చూడడం వచ్చిన ఐదుగురు మనుషులు మిగులుతారు, ఊళ్ళో కందులో మక్కలో చిన్న మొత్తాల్లో కొని కలిపి పెద్ద మార్కెట్‌కి పంపడం మొదలుపెట్టొచ్చు, కానీ మొదటి సంవత్సరమే దిగకండి, ముందు వడ్ల లెక్క ఒక సీజన్ తేడా లేకుండా తేల్చండి.

ఆ తేల్చడంలో ఆఖరికి అందరూ వదిలేసేది సంచులు. వచ్చినవి, నింపి పంపినవి, చిరిగినవి, మిగిలినవి, నాలుగు అంకెలూ సరిపోవాలి, లేకపోతే తక్కువొచ్చిన సంచుల ఖరీదు కమీషన్‌లోంచి కోస్తారు. రైతులు ఇంటికి పట్టుకుపోయిన ఖాళీ సంచులు సెంటర్ ఎత్తేసే ముందే తెప్పించుకోండి, మిగిలినవి వాపస్ ఇచ్చి రశీదు తీసుకుని, ఆ రశీదు ఒక ఫోటో సమాఖ్య గ్రూపులో, ఒరిజినల్ రిజిస్టర్‌లో పెట్టండి.